మన దేశం అని రాయండి

ఇంగ్లీషు మాస్టారు పోయారని మా కోచింగ్ సెంటర్ పాత విద్యార్థుల గ్రూపులో నిన్న పొద్దున ఒక ఫొటో వచ్చింది. నీలం టై, పూర్తి చేతుల చొక్కా, మెడ దాకా బిగించిన బొత్తాం. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. అంతమందిలో ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. ఆయనే బతికుండి ఆ వరస చూస్తే ఎంత చిరాకు పడేవారో నాకు తెలుసు. “మాటలకి కరువొచ్చిందా? ఒక వాక్యం రాయండి” అనేవారు. నేనూ రాయలేదు. రాయబోతే కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటని ఫోను పక్కన పెట్టి వంట చేశాను, తిన్నాను, గిన్నెలు తోముకున్నాను. కోపం తగ్గలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మెట్రో స్తంభాల పక్కనే మా సెంటర్. కింద చీరల దుకాణం, పైన బ్యాంకు పరీక్షల కోచింగ్, ఆ పైన హాస్టల్ పిల్లల మెస్సు, అన్నిటికన్నా పైన మేము. విదేశాల్లో చదవబోయే పిల్లలకు నేను లెక్కలు చెప్పేదాన్ని, ఆయన ఇంగ్లీషు. మెస్సులోంచి వచ్చే సాంబారు వాసన మధ్య ఆయన అమెరికా గురించి మాట్లాడేవారు. ఎప్పుడూ అమెరికా గురించే. ఆయనకు పాస్‌పోర్టు కూడా లేదు.

చేరిన కొత్తలో ఒక రోజు స్టాఫ్ రూములోకి వచ్చి, గడియారం విప్పి బల్ల మీద పెట్టి, “మనవాళ్ళు ఓడిపోయారు మేడమ్” అన్నారు. క్రికెట్ అనుకున్నాను. ఎవరి మీద అని అడిగితే ఆయన నన్ను జాలిగా చూశారు. అమెరికాలో ఎక్కడో ఏదో రాష్ట్రంలో బడుల్లో ఏ పుస్తకాలు చెప్పాలన్న దాని మీద ఓటింగు జరిగిందట. మనవాళ్ళంటే అక్కడి కన్జర్వేటివులు, పాత పద్ధతులే ఉండాలనేవాళ్ళు. ఆ రోజంతా ఆయన గడియారం పెట్టుకోలేదు. మనసు బాగోకపోతే గడియారం తీసేయడం ఆయన అలవాటని తర్వాత తెలిసింది. అమెరికా ఎన్నికల కాలంలో ఆయన ఎడమ చేతి మీద గడియారం మచ్చ తెల్లగా కనబడుతూనే ఉండేది.

ఆయన బాధలన్నీ పెద్ద పెద్ద బాధలు. అక్కడి పిల్లలకు ఎక్కాలు కంఠస్థం చేయించడం మానేశారని బాధ. గుండ్రని రాత నేర్పడం లేదని బాధ. విశ్వవిద్యాలయాల్లో అందరికీ మంచి మార్కులే వేసేస్తున్నారని, టీచరు నోరు తెరవడానికి భయపడుతున్నాడని, భోజనానికి ఇంటిల్లిపాదీ ఒక చోట కూర్చోవడం లేదని బాధ. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది, సొంత అక్క కాపురం గురించి చెబుతున్నట్టు.

ఆయన చెప్పినవాటిలో నాకు నచ్చినవీ ఉన్నాయి. కష్టపడనివాడికి మార్కు వేస్తే కష్టపడ్డవాడికి అన్యాయం చేసినట్టేనని ఆయన అంటే నేను కాదనలేదు. లెక్కల టీచర్ని, ఎక్కాల దగ్గర నేనూ ఆయన పార్టీయే. కానీ ఒకసారి విసుగొచ్చి అడిగేశాను.

“అంత దూరం దేశం సంగతి మనకెందుకు సార్. మీ గల్లీల కార్పొరేటర్ ఎవరో మీకు ఎర్కేనా?”

ఆయన నవ్వలేదు. టీ గ్లాసు పట్టుకుని తలుపు దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చారు. ఆయనది తెనాలి వైపు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఒక హోటల్లో టిఫిన్ చేస్తూ పక్కవాడితో ఏదో మాట్లాడుతుంటే, ఎదురు బల్ల మీదాయన యాస విని, “మీ ఊరికి మీరు పోరాదు సార్” అన్నాడట. కొట్టలేదు, తిట్టలేదు. వెళ్ళిపోవచ్చు కదా అని నవ్వుతూనే అన్నాడట.

“ఆ రోజు నుంచి ఇక్కడి సంగతులు నేను మాట్లాడను మేడమ్. ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. అమెరికా మీద ఎంత మాట్లాడినా మన తలుపు తట్టేవాడు లేడు కదా.”

నేను ఆ రోజుల్లో అదే చౌరస్తాలో రోడ్డు మీద కూర్చున్నదాన్ని. ఉద్యమం న్యాయమైందనే ఇప్పటికీ అంటాను, ఆ హోటల్లో మనిషి అన్నది మాత్రం తప్పే అంటాను. రెండూ ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపి, సెనేట్‌లో జరగబోయే ఓటింగు గురించి ఎత్తుకున్నారు. మనిషికి ఎక్కడో ఒక చోట గొంతెత్తి వాదించాలని ఉంటుంది. ఉన్న ఊళ్ళో ఆ చోటు దొరకనివాడు ఇంకెక్కడో వెతుక్కుంటాడు. ఆయనకు అమెరికా దొరికింది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి మా సెంటర్‌కి పేరు తెచ్చింది. ప్రతి విద్యార్థీ రోజూ అమెరికా రాజకీయాల మీద ఏదో ఒక వీడియో కింద ఒక కామెంటు రాయాలి. ఉత్త వ్యాసాలు రాయిస్తే చదివేది మాస్టారొక్కడే, కామెంటైతే అసలు అమెరికావాళ్ళే చదువుతారు కదా అని ఆయన వాదన. మొదట్లో ఆయనే బోర్డు మీద రాసేవారు, పిల్లలు ఫోన్లలోకి దించుకునేవారు. తర్వాత పిల్లలే రాస్తే ఆయన బెంచీల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి ఫోను తీసుకుని దిద్దేవారు. ఒహాయో నుంచి ఎవరో ఒక కామెంటుని మెచ్చుకున్నారంటే ఆ పూట తరగతికంతటికీ సమోసాలు.

ఆ కామెంట్లలో ఒక కిటుకు ఉండేది. “మన దేశం అని రాయండి” అనేవారు. మన దేశంలోకి ఎవరు రావాలో మనమే తేల్చుకోవాలి, మన పిల్లలకు రావాల్సిన సీట్లు పరాయి దేశాల పిల్లలకు ఎందుకు పోతున్నాయి, మన పన్నులతో నడిచే బడుల్లో మనకు మాట లేదా, ఇలా సాగేవి. మీర్‌పేట పిల్లలు, హయత్‌నగర్ పిల్లలు, హాస్టల్లో పచ్చడన్నం తిని వచ్చిన పిల్లలు అమెరికా పౌరుల్లాగా నిలదీస్తూ రాసేవారు.

“పరాయి దేశాల పిల్లలంటే మన పిల్లలే కదా సార్” అన్నాను ఒకసారి.

“అవును మేడమ్. కానీ మన ఇల్లు అనుకున్నవాడికే మాట కడుపులోంచి వస్తుంది. పరీక్ష కోసం రాసేవాడి మాట చప్పగా ఉంటుంది. పరీక్షలయ్యాక ఈ కామెంట్లు ఎవరు చూడొచ్చారు?”

ఆ పద్ధతితో పిల్లలకు ఇంగ్లీషు వచ్చిందన్నది నిజం. అందరికన్నా బాగా వచ్చింది మా సింధుకి. సింధు మా చెల్లెలి కూతురు. అమ్మానాన్నలు వనస్థలిపురంలో ఉంటారు, తను చదువు కోసం కర్మన్‌ఘాట్‌లో నా దగ్గర ఉండేది. ఆమెకు గణాంకశాస్త్రంలో మాస్టర్స్ చదవాలని పట్టుదల. నిరుడు ఒక అమెరికా విశ్వవిద్యాలయం ఫీజు మాఫీతో సీటు ఇచ్చింది. ఆ ఏడు చేరకపోతే మాఫీ ఉండదని ముందే చెప్పారు. మాఫీ లేకుండా ఆ చదువు మా ఇంట్లో ఎవరి వల్లా కాదు. ఇక మిగిలింది వీసా ఒక్కటే.

అప్పుడొచ్చింది ఆ నిబంధన. వీసా అడిగే విద్యార్థులు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ రాసివ్వాలి, అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలి, చూసి గానీ వీసా ఇవ్వరు. ఆ పొద్దున ఆయన హుషారుగా తరగతికి వచ్చారు. గడియారం చేతికి ఉంది. నా క్లాసు అప్పుడే అయిపోయి నేను కాగితాలు సర్దుకుంటున్నాను.

“సరైన పని చేశారు. గుమ్మంలో నిలబడ్డవాడెవడో చూసుకునే హక్కు ఇంటివాడికి ఉండాలి. దీని మీద ఇవాళ మనం కామెంటు రాద్దాం.”

సింధు లేచి నిలబడింది. “సార్, మరి ఇన్ని దినాలు రాసిన కామెంట్లు?”

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బోర్డు మీద మొదటి మాట రాయబోతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పరాయి దేశాల పిల్లల్ని రానివ్వొద్దని సొంత పేరుతో, సొంత ఫొటోతో రాసిన పిల్ల ఇప్పుడు పరాయి దేశపు పిల్లగా వెళ్ళి ఆ గుమ్మంలోనే నిలబడాలి.

“మనం రాసినవి వాళ్ళ పక్షానే కదమ్మా. భయమెందుకు?” అన్నారు ఆయన. ఆ మాట ఆయన కూడా నమ్మలేదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాత రోజులు నాకు తలుచుకోవాలని లేదు. తరగతి గదిలో పాఠం లేదు, పిల్లలంతా తలలు వంచుకుని ఫోన్లలో పాత కామెంట్లు వెతికి తీసేయడమే పని. తీసేసినా వాళ్ళకు తెలిసిపోతుందని ఒకరు, తీసేయడమే అనుమానమని ఇంకొకరు. ఎవరు చెప్పినా నమ్మడం, నమ్మి ఏడవడం. ఏ వీడియో కింద ఎవరు ఏమి రాశారో పిల్లలకే గుర్తు లేదు, ఆయనకు మాత్రం గుర్తుంది. ఒక్కొక్కరి పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, “నువ్వు న్యాయమూర్తుల మీద ఒకటి రాశావు చూడు, వర్షం పడి సగం మందే వచ్చిన రోజు” అని చెప్పేవారు. తను దిద్దిన ప్రతి మాటా ఆయనకు నోటికి వచ్చు. ఆ జ్ఞాపకశక్తి చూసి నాకు ముచ్చట వేయలేదు.

ఫోను మార్చాక సింధుకి ఒక ఖాతా తెరుచుకోలేదు. డిగ్రీలో ఉన్నప్పుడు వాడిన ఫోను నంబరుతో తెరిచింది, ఆ సిమ్ ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు లాగిన్ కోడ్ ఆ పాత నంబరుకే పోతోంది. కామెంట్లలో ఘాటైనవన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఆ నంబరుకి ఆయనే ఫోను చేశారు, స్పీకరు పెట్టి. ఇబ్రహీంపట్నం అవతల బోరుబండి నడిపే ఆయనెవరో ఎత్తారు.

“అయ్యా, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు మాస్టార్నండి. ఇప్పుడు మీ ఫోనుకి ఒక నంబరు వస్తుంది. అది చెబితే ఒక ఆడపిల్ల చదువు నిలబడుతుందండి.”

“ఏం నంబరు? ఓటీపీయా?”

“అదేనండి.”

“ఓటీపీ అడిగెటోళ్ళతోని మాట్లాడద్దని మా బిడ్డ మస్తు సార్లు చెప్పింది. పెట్టెయ్ సార్.”

“పోనీ మీ ఇల్లెక్కడో చెప్పండి, మేమే వస్తాం” అన్నారు ఈయన. అంతే, ఆ మనిషి ఇంకా భయపడి పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు. నేను చేశాను, సింధు చేసింది. అందరి నంబర్లూ ఆపేశాడు. ఆ బోరుబండి మనిషి తప్పేముంది? ఇంట్లోవాళ్ళు చెప్పిన జాగ్రత్త పాటించాడు.

ఆ ఖాతా దాచకుండా రాసిచ్చి సింధు ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఒక్క ప్రశ్న అడిగి, కంప్యూటర్‌లోకి చూసి, కాగితం చేతిలో పెట్టారట. వీసా లేదు. ఎందుకో చెప్పలేదు. కామెంట్ల వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు, ఏ కామెంటూ రాయని పిల్లలు కూడా అదే కాగితంతో తిరిగొచ్చారు. కారణం తెలిస్తే తిట్టుకోవడానికైనా ఉండేది.

మా చెల్లెలు సెంటర్‌కి వచ్చింది. మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ, ఆయన ముందు నిలబడింది.

“మా పిల్లకు ఇంగ్లీష్ నేర్పియ్యిమంటే గవన్నీ ఎందుకు రాయించిన్రు సార్?”

ఆయన కుర్చీలోంచి లేచారు. “ఆ ఆఫీసరు తప్పేం లేదమ్మా. ఆ కుర్చీలో నేనున్నా ఇదే చేసేవాణ్ణి.”

“ఆయన తప్పు లేకుంటే మరి తప్పెవరిది? మా పిల్లదా?”

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. అంత నష్టం జరిగాక కూడా ఆ దేశాన్ని ఒక్క మాట అననివ్వని మొండితనం ఏమిటి? మా చెల్లెలు దిగి వెళ్ళిపోయాక ఆయన గడియారం విప్పి బల్ల మీద పెట్టారు. మనిషి అబద్ధమాడితే బాగుండునని ఆ రోజు మొదటిసారి కోరుకున్నాను.

సెమిస్టర్ మొదలయ్యే లోపల ఇంకొక ఇంటర్వ్యూ తేదీ దొరికింది. అదే ఆఖరి అవకాశం. దానికి ముందు ఆయన నాకు చెప్పకుండా ఒక పని చేశారు. తన పేరు మీదున్న చిన్న ఛానెల్లో ఒక వీడియో పెట్టారు. బోర్డు ముందు నిలబడి, టై కట్టుకుని, ఇంగ్లీషులో మాట్లాడారు. ఇన్నేళ్ళుగా ఫలానా పిల్లల పేర్లతో వచ్చిన మాటలు తనవని, భాష నేర్పడానికి తానే చెప్పి రాయించానని, వాళ్ళు ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదని, శిక్ష వెయ్యదలిస్తే తనకు వెయ్యమని. తను ఇన్నేళ్ళూ కామెంట్లు రాసిన చోటల్లా ఆ వీడియో చూడమని అడిగారు.

ఆయనకు జాలి అక్కర్లేదు, అర్థం చేసుకునేవాడు ఒక్కడు చాలు. అక్కడ ఏళ్ళ తరబడి ఆయన మాటలకి తల ఊపినవాళ్ళే వచ్చి చూశారు. ఇన్నాళ్ళూ తమవాడే అనుకున్న మనిషి ఇండియాలో కూర్చున్నాడని వాళ్ళకు అప్పుడే తెలిసింది. మోసగాడన్నారు. యాసని వెక్కిరించారు. ఎక్కువమంది రాసింది మాత్రం ఒకటే, నీ దేశానికి నువ్వు పో అని.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ ఫోను నా ముందు పెట్టారు. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు, మెస్సులో గిన్నెల చప్పుడు.

“ఎక్కడికి పోవాలి మేడమ్ నేను?” అన్నారు.

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగారు. ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. మా ఇద్దరి మధ్య అలాంటి చనువు ఎప్పుడూ లేదు, పట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చారు. బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చేశారు. సింధు ఆ తిట్లన్నీ చదివి, వాటి కింద తన పేరుతోనే ఒక కామెంటు రాసిందట. రెండు రోజుల్లో ఇంటర్వ్యూ పెట్టుకుని.

“తీసేయమ్మా” అన్నారు.

“తియ్య సార్. గవన్నీ మీరు చెప్పితే రాసిన. ఇది నా అంతట నేను రాసిన.”

“అందుకే తీసేయమంటున్నాను. నేను చెప్పినవైతే నా మీద వేసుకోవచ్చు. దీన్ని ఎవరి మీద వెయ్యను?”

“ఎవరి మీద ఎయ్యద్దు. ఉండనియ్యిన్రి.”

ఆయన ఆ పిల్ల కాళ్ళ దగ్గరికి వంగారు. సింధు బెదిరిపోయి కాళ్ళు వెనక్కి లాక్కుంది. తరగతిలో పిల్లలు వంగి దణ్ణం పెట్టబోతేనే కోప్పడే మనిషి, చేతులు జోడించుకుని మా హాల్లో నేల మీద కూర్చుని ఉన్నారు. సింధు ఏడుస్తూనే ఫోను తీసి ఆ కామెంటు తీసేసింది. తీసేసినట్టు చూపించాక గానీ ఆయన లేవలేదు. నేను కాఫీ కలిపేలోపు వెళ్ళిపోయారు.

ఇంటర్వ్యూలో రెండోసారీ అదే కాగితం ఇచ్చారు. సీటు పోయింది. సింధు ఇప్పుడూ నా దగ్గరే ఉండి, ఉప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో డేటా చూసే ఉద్యోగం చేస్తోంది. ఆ చదువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తితే ఆమె లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది.

సెంటర్‌లో ఆయన ఆ తర్వాత ఎక్కువ రోజులు లేరు. యాజమాన్యం ఏమీ అనలేదు, ఆయనే మానేశారు. మానేసిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోను చేసి, సింధుకి ఇమ్మన్నారు. ఆమె తీసుకోనంది. నేను స్పీకరు పెట్టాను.

“ఆ రోజు నువ్వు రాసింది ఒకసారి చెప్పవూ, అమ్మా? కంగారులో సరిగా చదవలేదు, తీయించేశాను. మిగతావన్నీ గుర్తున్నాయి. అదొక్కటే గుర్తు రావడం లేదు.”

సింధు నా వైపు చూడలేదు. “నాకు యాదికి లేదు సార్” అంది.

“సరేనమ్మా” అన్నారు ఆయన. ఫోను పెట్టేశారు.

నిన్న సాయంత్రం సింధు ఉద్యోగం నుంచి వచ్చాక ఆయన పోయిన సంగతి చెప్పాను. చెప్పులు విప్పుతూ విన్నది. అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత ఇంగ్లీషులో, ఎక్కడా తడబడకుండా, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పింది. ఆ రోజు తీసేసిన కామెంటే అది. తెలుగులో దాని అర్థం ఇది: ఈయన తన ఇంట్లో కూర్చునే మాట్లాడుతున్నాడు. మీ దేశాన్ని సొంతం అనుకుని మాకు చదువు చెప్పాడు. దానివల్ల మాకు జరిగిన నష్టం గురించి ఆయనతో మేం తేల్చుకుంటాం, మీరెవరూ ఆయన్ని ఏమీ అనొద్దు.

“మరి ఆ రోజు ఆయన అడిగితే ఎందుకు చెప్పలేదే?” అన్నాను.

“అప్పుడు చెప్పబుద్ధి కాలేదు పెద్దమ్మా. ఎప్పుడన్న కోపం తగ్గినంక చెప్దామనుకున్న.”